హంతకుడికి హృదయముంది, సరే, కిరాయి ఇచ్చిందెవరు?

కిరాయి హంతకుడు కథానాయకుడైన చిత్రం చూసి బయటికి వస్తున్న ప్రేక్షకుణ్ణి "ఎలా వుందోయ్?" అని అడగండి. "చంపేవాడే గాని, మనిషి మంచివాడు" అంటాడు. ఈ మాటతోనే నాకు పేచీ. పైకి ఇది ఎవరికీ హాని చేయని చిన్న మాటలాగే కనిపిస్తుంది. కాని దీని వెనుక ఒక నీతి వుంది. ఆ నీతి వల్ల లాభం ఎవరికో విచారించడం అవసరమని ఈ వ్యాసం రాస్తున్నాను.

నా ఎదుట వున్న ఉదాహరణ "అతడు". త్రివిక్రమ్ శ్రీనివాస్ రచించి దర్శకత్వం వహించిన ఈ చిత్రం 2005 ఆగస్టు 10న విడుదలయింది. అందులో నటించినందుకు మహేష్‌బాబుకూ, సంభాషణలు రాసినందుకు త్రివిక్రమ్‌కూ నంది పురస్కారాలు వచ్చాయి. తరువాత టెలివిజన్‌లో ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. ఇరవై ఏళ్లకు, 2025 ఆగస్టులో, మళ్లీ థియేటర్లకు వచ్చింది. నేను డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. వాళ్లు పిలిస్తే వెళ్లాను. తెర మీద పాత్ర నోరు విప్పకముందే హాలంతా ఆ సంభాషణను అప్పజెబుతున్నది. చిత్రం మొదటిసారి వచ్చినప్పుడు అక్షరాలు కూడా నేర్వని పిల్లలు వాళ్లు!

మర్నాడు తరగతిలో తలా ఒక చీటీ ఇచ్చి, తమ అభిప్రాయం రాసి ఇవ్వమన్నాను. పేరు రాయనక్కర లేదన్నాను. ముప్పైకి పైగా చీటీలు వచ్చాయి. అవి మూడు తెగలుగా విడిపోయాయి. హీరో నడకనూ, తుపాకీ పట్టిన తీరునూ, తక్కువ మాటలనూ మెచ్చినవి మొదటి తెగ. ఆ ఇల్లూ, తాతా, మరదలూ, వాళ్ల ఆప్యాయతా చూసి కంట నీరు పెట్టుకున్నవి రెండో తెగ. "పరిస్థితులు అలా చేశాయి, అతని తప్పేమీ లేదు" అని తీర్పు చెప్పినవి మూడో తెగ. ఒక్క చీటీ మాత్రం ఏ తెగలోనూ చేరలేదు. అందులో ఇలా వుంది: "సార్, తాతయ్యకు మనవడు దొరికాడు. మరి పార్థు సంగతేమిటి?"

ఆ చీటీ దగ్గరకు మళ్లీ వస్తాను. ముందు కథను గుర్తు చేసుకుందాం. నందు అనాథ, తుపాకీ వృత్తిగా పెరిగినవాడు. శివారెడ్డి అనే ప్రతిపక్ష నాయకుడు సానుభూతి ఓట్ల కోసం ఒక పన్నాగం పన్నుతాడు. బహిరంగసభలో తన మీద కాల్పులు జరగాలి, ప్రాణం మాత్రం పోకూడదు. అందుకు నందును కుదుర్చుకుంటాడు. కాని వేరొకరి తూటాకు శివారెడ్డి నిజంగానే చచ్చిపోతాడు, నేరం నందు మెడకు చుట్టుకుంటుంది. పారిపోతూ అతడు రైలెక్కుతాడు. చిన్నప్పుడు ఇల్లు విడిచిపోయి, ఏళ్ల తరువాత తిరిగి ఊరికి వెళుతున్న పార్థు ఆ రైల్లో పరిచయమవుతాడు. నందు కోసం పేల్చిన పోలీసు తూటా పార్థుకు తగులుతుంది. నందు ఆ ఊరు చేరతాడు. ఆ ఇంటివాళ్లు అతన్నే పార్థు అనుకుంటారు. అతడు కాదనడు.

ఈ చిత్రాన్ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. 2005లో నేనే రెండుసార్లు చూశాను, మెచ్చుకున్నాను. అప్పుడు మీరు నన్ను అడిగివుంటే "చంపేవాడే గాని మంచివాడు" అనే అనివుందును. కనుక ఈ వాదులో నేను కూడా ప్రతివాదినే.

మన పక్షానికే చెందిన ఒక మిత్రుడితో ఈ చీటీల సంగతి చెప్పాను. ఆయన తేలిగ్గా నవ్వేసి, "ఇది జనానికి పోసే కల్లు. తాగినవాడి అభిప్రాయం సేకరించడమేమిటి?" అన్నాడు. ఈ వైఖరి నాకు సమ్మతం కాదు. ప్రేక్షకుణ్ణి మూర్ఖుడి కింద జమకట్టి ఊరుకునే విమర్శ వల్ల ఉపయోగం లేదు. అది బద్ధకస్తుల విమర్శ. జనం ఈ హంతకుడి పక్షం ఎందుకు వహిస్తున్నారు? అతడు నెత్తురు చిందిస్తాడనా? నేను నమ్మను. అతనిలో వాళ్లు తమకు బాగా తెలిసిన మనిషిని చూస్తున్నారు. అతని చేతిలో పని వుంది. ఆ పనిని డబ్బున్నవాడు కొనుక్కుంటాడు. పని ఎందుకోసమో చేసేవాడికి చెప్పరు. అవసరం తీరగానే నింద అతని మీద వేసి వదిలించుకుంటారు. కాంట్రాక్టు మీద ఏడాదికేడాది పని చేసే ఉపన్యాసకుడికి గాని, ఏజెన్సీ ద్వారా ఫ్యాక్టరీలో చేరిన కార్మికుడికి గాని ఇది విడమరచి చెప్పనక్కర లేదు. "పరిస్థితులు అలా చేశాయి" అని చీటీ మీద రాసిన కుర్రవాడు అబద్ధం రాయలేదు. సగం నిజం రాశాడు.

మిగతా సగం ఎక్కడ పోయిందన్నదే అసలు ప్రశ్న.

ఓట్ల కోసం తన మీద తానే కాల్పులు జరిపించుకునే నాయకుడూ, ఆ అదను చూసుకుని అతన్ని నిజంగానే చంపించే సొంత పార్టీ మనిషీ వున్న కథ ఇది. ఇంత పదునైన రాజకీయ వస్తువుతో మొదలైన చిత్రం దాన్ని మలుపులకు మాత్రం వాడుకుని, పెద్ద ఇంటి ముంగిట్లోకి వెళ్లి కూర్చుంటుంది. కుట్రదారుణ్ణి చిత్రం చూపకపోలేదు. కాని అతని వల్ల మనం తెలుసుకునేది నందు నిర్దోషి అన్నంతవరకే. అద్దెకు దొరికే చేతులూ, వాటిని అద్దెకు తీసుకునే డబ్బూ వున్న వ్యవస్థ ఏమయింది? నందుకు ఒక తాత, ఒక మరదలు, ఒక ఇల్లు దొరకగానే ఆ ప్రశ్న పరిష్కారమైపోయినట్టే మనం లేచి వస్తాం. చివరకు సి.బి.ఐ. అధికారి అతన్ని వదిలిపెడితే చప్పట్లు కొడతాం. కూలివాడి సమస్యకు కుటుంబం దొరకడం పరిష్కారమా?

ఈ రకం కథకు పుట్టినిల్లు మన దేశం కాదు. 1936లో గ్రాహం గ్రీన్ "ఎ గన్ ఫర్ సేల్" అనే నవల రాశాడు. రేవెన్ అనే కిరాయి హంతకుడు ఒక మంత్రిని చంపుతాడు. చంపించినవాడు ఉక్కు వ్యాపారి. ఆ హత్య వల్ల యుద్ధభయం రేగుతుంది, ఉక్కు ధర పెరుగుతుంది. రేవెన్‌కు దొంగిలించిన నోట్లు ముట్టజెప్పి పోలీసులకు పట్టించాలని చూస్తారు. చనిపోయిన మంత్రి పేదల మేలు కోరినవాడని తెలిశాక అతని మనసు నలుగుతుంది. అంటే అక్కడ హంతకుడి అంతరాత్మ మేలుకునేది, చచ్చినవాడెవరో చంపించినవాడెవరో తెలిసినప్పుడు.

1942లో హాలీవుడ్ దీన్ని "దిస్ గన్ ఫర్ హైర్" పేరిట చిత్రంగా తీసింది. నవలలో రేవెన్ పై పెదవి చీలికతో పుట్టినవాడు. ఆ ముఖాన్ని చూసి లోకమంతా అసహ్యించుకుంటుంది. చిత్రంలో ఆ వికారం చొక్కా చేతి కింద దాచుకోదగిన మణికట్టు మీదికి మారింది. ముఖం మాత్రం ఆలన్ లాడ్ అనే అందగాడిది. హతుడు కూడా మారాడు: పేదల మంత్రి స్థానంలో, బెదిరించి డబ్బు గుంజే ఒక రసాయన శాస్త్రజ్ఞుడు వచ్చాడు. శత్రువుకు విషవాయువు అమ్మే కంపెనీ యజమాని తెర మీద వున్నాడు, నిజమే. కాని ప్రేక్షకులు ఇంటికి మోసుకుపోయినది ఆలన్ లాడ్ ముఖాన్ని. ఆ ఒక్క చిత్రంతో అతడు పెద్ద తారై కూర్చున్నాడు. హంతకుడు అందగాడు కావాలి, హతుడు పోయినా ఫరవాలేదనిపించాలి: మన జాలిని తేలిగ్గా ఖర్చు చేయించడానికి ఈ రెండు ఏర్పాట్లూ చాలు. అప్పటి నుంచి ఈ వ్యాపారం ఈ సూత్రం మీదే నడుస్తున్నది.

ఇప్పుడు ఆ చీటీ దగ్గరకు వస్తాను. పార్థు సంగతేమిటి? అతడు ఎవరికీ అపకారం చేయలేదు. ఇంటికి వెళుతున్నాడు, అంతే. అతని ప్రాణం పోలీసు తూటా తీసింది, అతని పేరూ ఇల్లూ నందుకు దక్కాయి. ఆ తూటాకు జవాబుదారీ ఎవరని తరగతిలో అడిగాను. ఎవరూ చెప్పలేకపోయారు. పది సంభాషణలు తడుముకోకుండా అప్పజెప్పగలవాళ్లు ఆ మాట ఎన్నడూ తమకు తట్టలేదన్నారు. నాకు మాత్రం తట్టిందా? ఇరవై ఏళ్లపాటు తట్టలేదు. పేరు రాయని ఒక విద్యార్థి నాకు నేర్పాడు.

"సినిమాయే గదా, ఇంత రాద్ధాంతం దేనికి?" అంటారు. దేనికో చెబుతాను.

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఒక దళిత యువకుడు గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తుండగా, వెనుక నుంచి వచ్చినవాడు కత్తితో నరికి చంపాడు. ఆమెది వేరే కులం. నరికినవాడు బీహారు నుంచి వచ్చిన కిరాయి మనిషి. కోటి రూపాయల బేరమని పోలీసులు చెప్పారు. మొదటి నిందితుడిగా వాళ్లు చూపింది ఆమె కన్నతండ్రినే. విచారణ సాగుతుండగా, 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం నరికినవాడికి ఉరిశిక్ష, మరి ఆరుగురికి యావజ్జీవం విధించింది.

అక్కడ హంతకుడి వెనుక పాట లేదు, అందమైన ముఖం లేదు. కనుక అతని అంతరాత్మను గురించి ఎవరూ విచారించలేదు. మరి మన జాలి ఎక్కడికి పోయింది? ఆ రోజుల్లో బస్సుల్లోనూ టీ దుకాణాల్లోనూ నేను చెవులారా విన్నాను: "చేసింది తప్పే గాని, పాపం, కన్నతండ్రి గదా! ఎంత నలిగిపోయాడో!" సినిమా హాలు బయట విన్న వాక్యానికీ దీనికీ తేడా ఏమిటి? "చంపేవాడే గాని మంచివాడు" అన్న నోరే "చంపించాడు గాని కన్నతండ్రి" అన్నది. సినిమా చూసి ఆ మాట నేర్చుకున్నారని నేననను. కులం సినిమా కన్నా వెయ్యేళ్లు పెద్దది. కాని నలిగిన మనసును చూపిస్తే నేరాన్ని మాఫీ చేసే అలవాటుకు సినిమా రోజూ సాధన చేయిస్తున్నది. మనసు నలగడం చంపినవాడికీ చంపించినవాడికీ మాత్రమే వుంటుంది కాబోలు! చచ్చినవాడికి మనసు నలిగే వ్యవధి కూడా ఇవ్వరు.

ఈ సంగతి తరగతిలో చెప్పినప్పుడు నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రవాడు తల వంచుకుని కూర్చున్నాడు. గంట కొట్టాక నా దగ్గరికి వచ్చి, "సార్, మా ఇంట్లో కూడా అలాగే అన్నారు. నేనూ ఊఁ కొట్టాను" అన్నాడు. నేనతనికి ఏ ఉపదేశమూ చేయలేదు. ఆ మాట చెప్పడానికి అతనికి ఎంత ధైర్యం కావలసివచ్చిందో నాకు తెలుసు.

కనుక తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. విద్యార్థులను ఇటువంటి చిత్రాలు చూడవద్దని చెప్పకండి. చెప్పినా వినరు, వినవలసిన పనీ లేదు. వాళ్లతోపాటు వెళ్లండి, నచ్చినచోట ఈల కూడా వేయండి. బయటికి వచ్చాక రెండే ప్రశ్నలు వేయండి: కిరాయి ఎవరిచ్చారు? చచ్చినవాడి పేరేమిటి? ఈ రెంటికీ జవాబు చెప్పి, ఆ తరువాత కూడా హంతకుడి మీద జాలి మిగిలితే, ఆ జాలి పడవచ్చు. దాన్ని నేను కూడా గౌరవిస్తాను. జవాబు చెప్పకుండా పడే జాలి మాత్రం డబ్బిచ్చినవాడి ఖాతాలోనే జమ అవుతుంది.