జంపర్ తీగ పీకెయ్యండి! ప్రతి సేఫ్టీ ఇన్‌పుట్‌నూ పరీక్షించండి!

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ స్టడీ హాళ్లలో చదువుకుంటున్న ఐటీఐ, డిప్లొమా, బీటెక్ మిత్రులకు, ఇన్‌స్ట్రుమెంట్ పని చేసి రిటైరైన పెద్దలకు విజ్ఞప్తి

2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో ఏం జరిగిందో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 46 మంది పోయారు. మరో 8 మంది ఏమయ్యారో తెలియలేదు, వాళ్ల ఇంటివాళ్లకు అప్పగించడానికి ఏమీ దొరకలేదు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కూలికి వచ్చినవాళ్లూ, మన పిల్లలూ ఒకే గోడ కింద పడ్డారు. కోటి రూపాయల పరిహారం ప్రకటించారు, నిపుణుల కమిటీ వేశారు. ఇక ఈ మాట ఇక్కడితో ఆగిపోతుందని చాలామంది అనుకుంటున్నారు. మేం ఆగనివ్వం.

ఆ పేలుడుకు కారణం ఏమిటో తేల్చే పని కమిటీది. దాని పని మేం చెయ్యబోవడం లేదు. మేం అడిగే ప్రశ్న వేరే ఉంది, అది ఒక్క సిగాచికే కాదు, పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల, చౌటుప్పల్ దాకా ప్రతి ప్రమాదకర యూనిట్‌కూ చెందుతుంది. లోపల వేడెక్కుతున్న యంత్రం ఉష్ణోగ్రతను కంట్రోల్ రూంకు మోసుకొచ్చే తీగ ఏది? దాన్ని బిగించింది ఎవరు? చివరిసారి నిజంగా వేడి చూపించి పరీక్షించింది ఎప్పుడు? ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వెళ్లి అడిగినా మనకు జవాబు దొరకదు. లోపల పనిచేసే కార్మికుడికీ దొరకదు.

ఆ తీగ చేరేది పీఎల్‌సీకి, అంటే యంత్రాలను నడిపే కంట్రోల్ కంప్యూటరుకు. మీలో చాలామందికి అది సిలబస్‌లో ఒక యూనిట్. ల్యాడర్ డయాగ్రం గీసి మార్కులు తెచ్చుకున్నారు. కానీ పీఎల్‌సీకి తెలిసేది ఇన్‌పుట్ మాడ్యూల్ టెర్మినల్ దాకా వచ్చిన కరెంటు ఒక్కటే. బయట రియాక్టర్ కాలిపోతున్నా, ఆ టెర్మినల్ మీద అంతా బాగుందనే సిగ్నల్ ఉంటే స్క్రీన్ మీద పచ్చరంగే కనిపిస్తుంది. ప్రోగ్రాం ఎంత గొప్పగా రాసినా లాభం లేదు. ప్రాణం ఉన్నది టెర్మినల్ స్క్రూ కింద.

ఆ స్క్రూ బిగించేది ఎవరు? సబ్ కాంట్రాక్టరు తెచ్చిన హెల్పర్. రోజు కూలి. చేతిలో డ్రాయింగు ఉండదు, ఉన్నా పాత రివిజన్. ఎవరూ అతనికి పని నేర్పలేదు. ఫెరూల్ నంబర్లు పొద్దుపోయాక అందిన వరసలో తగిలిస్తాడు. తప్పు అతనిది కాదు. థర్మోకపుల్ నుంచి ప్యానెల్ దాకా కాంపెన్సేటింగ్ కేబులే లాగాలని అతనికి ఎవరు చెప్పారు? స్టోర్‌లో మామూలు రాగి కేబుల్ ఉంటే అదే లాగుతాడు. ఫీల్డ్‌లో థర్మోకపుల్ తల దగ్గర 70 డిగ్రీలు, ఏసీ ఉన్న ప్యానెల్ రూంలో 25 డిగ్రీలు ఉంటే, ఆ రాగి తీగ పుణ్యమా అని స్క్రీన్ మీద అసలుకన్నా 45 డిగ్రీలు తక్కువ కనిపిస్తుంది. అలారం 150 దగ్గర పెట్టుకుంటే అది మోగేసరికి లోపల 195. థర్మోకపుల్ ప్లస్, మైనస్ తారుమారైతే ఇంకా ఘోరం, వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది.

4-20 మిల్లీయాంపియర్ల సిగ్నల్‌ను సున్నా నుంచి కాకుండా 4 నుంచి మొదలుపెట్టింది దేనికి? తీగ తెగితే సున్నా వస్తుంది, సున్నా వస్తే ఏదో తెగిందని తెలుస్తుంది, అందుకు. మన ఫ్యాక్టరీల్లో తీగ తెగితే ఏం చూపించాలన్న సెట్టింగును 'చివరి విలువ అలాగే ఉంచు' అని మార్చేస్తారు. మాటిమాటికీ అలారం గోల ఎందుకని! తీగ తెగిపోతుంది, నిన్నటి అంకె ఇవాళ కూడా స్క్రీన్ మీద నిలబడే ఉంటుంది, ఆపరేటర్ దాన్ని నమ్ముకుని లాగ్ షీట్ నింపుతాడు. ఎమర్జెన్సీ స్టాప్‌ను ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్టు మీద వైరింగ్ చెయ్యాలన్నది మొదటి పాఠం. తీగ తెగినా లగ్గు ఊడినా యంత్రం ఆగాలి. ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే) కాంటాక్టు మీద చేస్తే, తీగ తెగిందన్న సంగతి మనిషి చెయ్యి రోలర్‌లో ఇరుక్కుని బటన్ నొక్కిన క్షణంలో తెలుస్తుంది.

ఇన్‌పుట్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. 12 మంది చనిపోయారు. నీరభ్ కుమార్ ప్రసాద్ నాయకత్వంలోని హైపవర్ కమిటీ ఆ జూలైలో ఇచ్చిన నివేదిక చదవండి. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగున మాత్రమే. మధ్యలో, పైన కొలిచే ఏర్పాటు లేదు. లాక్‌డౌన్‌లో కదలకుండా నిలవున్న స్టైరీన్ పైపొరల్లో పాలిమర్‌గా మారుతూ తనంతట తనే వేడెక్కుతుంటే, కింద ఉన్న సెన్సర్ చల్లటి అంకెనే పంపింది. దాన్నే అందరూ నమ్మారు. ఫ్యాక్టరీలో 36 చోట్ల నుంచి మోగించగల సైరన్ ఉంది, ఒక్క చోట నుంచీ మోగలేదు. కంపెనీకి కంట్రోల్ సిస్టం లేక కాదు ఆ ఊళ్లో జనం నిద్రలో నుంచి లేచి రోడ్ల మీద కూలిపోయింది. చూడాల్సిన చోట చూసే తీగ లేక.

ఇక అసలు సంగతికి వస్తాం. జంపర్.

రెండంగుళాల తీగ ముక్క. 24 వోల్టుల టెర్మినల్ నుంచి ఇన్‌పుట్ టెర్మినల్‌కు. అది పెట్టాక ఫీల్డ్‌లో లెవెల్ స్విచ్ ఉన్నా ఒకటే, ఊడి కింద పడ్డా ఒకటే. పీఎల్‌సీకి ఎప్పటికీ 'లెవెల్ బాగానే ఉంది', 'గార్డు మూసే ఉంది', 'కూలింగ్ నీళ్లు పారుతున్నాయి'. ఇన్‌స్ట్రుమెంట్ పని చేసిన ప్రతివాడికీ ఈ తీగ తెలుసు. మాలో చాలామందిమి షట్‌డౌన్‌లో ప్యానెల్ తలుపు తెరిచి, ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన జంపర్లను చూశాం. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, రిజిస్టరులో ఒక్క ముక్క ఉండదు. పెట్టినవాడు ఉద్యోగం మారిపోయి ఉంటాడు. ఫ్యాక్టరీల పేర్లు ఇక్కడ చెప్పం, ఏ ఒక్కరి మీదో నెట్టి మిగతావాళ్లు చేతులు కడుక్కోవడానికి మేం దారి ఇవ్వం.

జంపర్ ఎక్కడ పుడుతుందో చూడండి. సిగ్నల్ కేబుల్‌ను 415 వోల్టుల మోటారు కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో పరిచారు. షీల్డును రెండు చివర్లా ఎర్త్ చేశారు, లేదంటే అసలు ఎర్తే చెయ్యలేదు. డ్రైవ్ ఆన్ చేసినప్పుడల్లా నాయిస్ వచ్చి స్విచ్ తెరుచుకున్నట్టు పీఎల్‌సీకి కనిపిస్తుంది, ప్లాంటు ట్రిప్ అవుతుంది. రాత్రి రెండు గంటలకు ఒకసారి, నాలుగు గంటలకు ఇంకోసారి. ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ వస్తుంది: 'దాన్ని బైపాస్ చేసి నడిపించు, పొద్దున చూద్దాం.' ఆ పొద్దున ఎన్నడూ రాదు. తీగతో పని లేకుండా ల్యాప్‌టాప్‌లో ఆ ఇన్‌పుట్‌ను 'ఫోర్స్' చేసి వెళ్లిపోతే అది కంటికి కూడా ఆనదు. అంటే చెడ్డ వైరింగ్ జంపర్‌ను కంటుంది, జంపర్ శవాన్ని కంటుంది. దీన్ని ప్రమాదం అని పిలవడం మానేద్దాం. ఎవడో ఒకడు ఆ తీగ పెట్టమన్నాడు. వాడికి పేరుంది, జీతముంది, సంతకం పెట్టే అధికారముంది. ఒక్క సంతకం మాత్రం దొరకదు.

లూప్ చెక్ కాగితాల సంగతీ మాట్లాడాలి. లూప్ చెక్ అంటే ఫీల్డ్‌లో సెన్సర్‌ను కదిలించి కంట్రోల్ రూంలో చూడడం. థర్మోకపుల్‌ను కాలిబ్రేషన్ బాత్‌లో పెట్టి వేడి చెయ్యాలి, ఫ్లోట్‌ను చేత్తో లేపాలి, ప్రెజర్ స్విచ్‌కు పంపుతో ఒత్తిడి పెట్టాలి. జరిగేదేమిటంటే, ప్యానెల్ దగ్గర కుర్చీలో కూర్చుని కాలిబ్రేటర్‌తో 12 మిల్లీయాంపియర్లు ఇంజెక్ట్ చేస్తారు, స్క్రీన్ మీద సగం చూపిస్తుంది, టిక్కు పెడతారు. అసలు సెన్సర్ పైపులో ఉందో స్టోర్‌లో ఉందో ఎవరికి కావాలి? ఒక్కోసారి ఆ టిక్కు కూడా ఆడిట్ ముందు రాత్రి ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో పడుతుంది. ఆ కాగితాలను చూసి సేఫ్టీ అవార్డులు ఇస్తారు.

ఇది మన రాష్ట్రానికే పుట్టిన జబ్బు కాదు. ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో 2005 డిసెంబరు 11న 912 నంబరు ట్యాంకులో పెట్రోలు నిండుతుంటే గేజీ ఒకచోట ఇరుక్కుని నిలిచిపోయింది, పెట్రోలు పొంగి డిపో పేలింది. కాపాడాల్సిన హై లెవెల్ స్విచ్ పనిచెయ్యలేదు, కారణం దాని టెస్ట్ లీవర్‌కు వెయ్యాల్సిన తాళం వెయ్యకపోవడం. ఒక్క తాళం! 1979లో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో వాల్వు తెరిచే ఉన్నా ప్యానెల్ మీద దీపం మూసినట్టు చూపించింది, ఆ దీపానికి వాల్వు అసలు స్థితి నుంచి కాక దానికి ఇచ్చిన ఆజ్ఞ నుంచి తీగ లాగారు. మన భోపాల్ ఏం తక్కువ? 1984లో విషరసాయనం ఉన్న ట్యాంకు శీతలీకరణ ఆపేసి, ఉష్ణోగ్రత అలారం హద్దును మార్చకుండా వదిలేసి, దాన్ని పనికిరాని వస్తువుగా చేశారు.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం చేర్చారు. 41-హెచ్ సెక్షను కింద, ప్రమాదం ముంచుకొస్తోందని తోస్తే చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. దేన్ని చూసి చెప్పాలి? స్క్రీన్ మీద అంకె జంపర్‌ది అయితే హక్కు ఎవరికి?

మాకు ఎదురయ్యే మాటలు మాకు తెలుసు. ఖర్చు అంటారు. ఒక కాంపెన్సేటింగ్ కేబుల్ చుట్ట, ఒక కాలిబ్రేషన్ బాత్, ఇద్దరు టెక్నీషియన్ల జీతం, దీన్ని కోటి రూపాయల పరిహారంతో, 46 ఇళ్లతో తూచుకోమనండి. ఉత్పత్తి ఆగుతుందంటారు. ఆగనివ్వండి. కార్మికుల అజాగ్రత్త అనే వాళ్లకు జవాబు కూడా అనవసరం.

మిత్రులారా, మనం ఉన్న చోటు చూడండి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున కుర్చీ కోసం క్యూ కట్టేవాళ్లలో ఈఈఈ, ఈసీఈ, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవాళ్లు ఎంతమంది? 2023 మార్చిలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పరీక్ష పేపర్ లీకై, పరీక్ష రద్దై, మళ్లీ మొదటి నుంచి పుస్తకం తెరిచినవాళ్లు ఈ వీధుల్లోనే ఉన్నారు. ఆ ఉద్యోగంలోనూ ఇదే పని ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు పవర్ హౌస్‌లో మంటలు లేచి తొమ్మిది మంది పోయారు, వాళ్లలో ఇంజనీర్లున్నారు. రక్షణ పరికరాలకు ఆధారమైన డీసీ బ్యాటరీలు మారుస్తున్న సమయమది.

ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది 1967లో, మన హైదరాబాద్‌లోనే. అణువిద్యుత్ కేంద్రాల కంట్రోల్ పరికరాలు ఇక్కడి చేతులతో తయారయ్యాయి. ఆ నైపుణ్యం ఈ నేలది. ఇప్పుడు చదివినవాళ్లు గదిలో కూర్చుని ఎంపికల్లో సరైన జవాబుకు గీత పెడుతున్నారు, చదువు దక్కనివాళ్లు రియాక్టర్ల దగ్గర తీగలు బిగిస్తున్నారు. ఈ ఇద్దరినీ విడగొట్టి ఉంచింది ప్రభుత్వం. ఫ్యాక్టరీల శాఖలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివిన ఇన్‌స్పెక్టర్ పోస్టులు పెట్టాలి, నోటిఫికేషన్ ఇవ్వాలి. ప్యానెల్ తెరిచి జంపర్‌ను గుర్తుపట్టలేని మనిషి తనిఖీకి వెళ్లి గేటు దగ్గర టీ తాగి రావడం తప్ప చేసేది లేదు. టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని 2,324 కోట్లతో చేపట్టారు. మల్లేపల్లి ఐటీఐలో రోబో చెయ్యి చూసి సంతోషిద్దాం, దానితోపాటు సేఫ్టీ ఇన్‌పుట్ వైరింగ్‌నూ లూప్ చెక్‌నూ ఆ కేంద్రాల్లో తప్పనిసరి కోర్సు చెయ్యాలి. ఆ సర్టిఫికెట్ లేనివాళ్ల చేత ప్రమాదకర యూనిట్‌లో ఇన్‌పుట్ మాడ్యూల్ ముట్టించకూడదు. ఇప్పటికే ఆ పని చేస్తున్న కూలీలకు జీతం ఇస్తూ శిక్షణ ఇవ్వాలి, వాళ్లను తీసెయ్యడానికి దీన్ని సాకు చెయ్యనివ్వం.

ప్రతి ప్రమాదకర యూనిట్ తన సేఫ్టీ ఇన్‌పుట్ల జాబితా గేటు దగ్గర బోర్డు మీద పెట్టాలి. తెలుగు, హిందీ, ఒడియాల్లో. ఏ సెన్సర్, ఎక్కడుంది, చివరిసారి ఏ తేదీన ఫీల్డ్ నుంచి పరీక్షించారు, చేసినవాడి పేరు. బైపాస్ చెయ్యక తప్పకపోతే ప్లాంటు మేనేజరు, ఇన్‌స్ట్రుమెంట్ ఇంచార్జి ఇద్దరూ సంతకం చెయ్యాలి, ఆ షిఫ్టు ముగిసేలోగా తీసెయ్యాలి, తియ్యకపోతే ప్లాంటు ఆపాలి. సంతకం లేని జంపర్ దొరికితే మేనేజరు మీద క్రిమినల్ కేసు పెట్టాలి, జరిమానాతో వదలకూడదు. జరిమానా వాళ్లకు కరెంటు బిల్లు లెక్క.

ఈ కరపత్రం వెనక ఫ్యాక్టరీల శాఖ డైరెక్టరుకు రాసిన విన్నపం ఉంది. పేరు, చదువు, ట్రేడు రాసి సంతకం చెయ్యండి. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లయితే మీ ప్యానెల్‌లో చూసిన జంపర్ ఏ ఇన్‌పుట్ మీద ఉందో రాయండి, ఫ్యాక్టరీ పేరు రాయడం మానడం మీ ఇష్టం. సాయంత్రాలు లైబ్రరీ గేటు దగ్గర, నారాయణగూడ చౌరస్తాలో, అశోక్ నగర్ స్టడీ హాళ్ల వీధిలో మా వాళ్లు ఉంటారు. నింపిన కాగితం వాళ్లకు ఇవ్వండి.

ఇన్‌స్ట్రుమెంటేషన్, ఎలక్ట్రికల్ విద్యార్థులు, రిటైర్డ్ టెక్నీషియన్లు
చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్