రాబెన్ ద్వీపం ఖైదీల బతుకు మన పిల్లలకు తెలుగులో అందాలి: వినతిపత్రం

పాఠ్యపుస్తకాల రూపకల్పన, పౌర గ్రంథాలయాల బాధ్యతలు చూస్తున్న అధికారులకు
మండల శాఖా గ్రంథాలయ పాఠకులు, విశ్రాంత ఉపాధ్యాయులు సమర్పించుకుంటున్న విన్నపం.

అయ్యా, అమ్మా,

నేను తొమ్మిదో తరగతికి సాంఘికశాస్త్రం చెప్పే రోజుల్లో ఒక అమ్మాయి లేచి, "సార్, మండేలా ఇరవయ్యేడేళ్ళు జైల్లో ఉన్నాడన్నారు కదా, అన్నేళ్ళూ ఏం తిన్నాడు? ఎవరితో మాట్లాడాడు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతుక్కుని చదివాను. చదివిందంతా ఇంగ్లీషులోనే. అప్పటికి ఆ పిల్ల బడి దాటిపోయింది. మా అందరి తరఫున ఈ కాగితం నేను రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

ఏం తిన్నాడన్న ప్రశ్నకు జవాబు చెబితే చాలు, తెల్లవాళ్ళు పాలించిన నాటి దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఎలాంటిదో పిల్లలకు అర్థమైపోతుంది. 1964 జూన్ 12న విధ్వంసక చర్యలకు పాల్పడ్డారన్న రివోనియా కేసులో మండేలాతో కలిపి 8 మందికి యావజ్జీవ శిక్ష పడింది. ఏడుగురిని సముద్రంలోని రాబెన్ ద్వీపం జైలుకు తరలించారు. ఎనిమిదో మనిషి డెనిస్ గోల్డ్‌బర్గ్ తెల్లవాడు కాబట్టి ఆయన్ను ప్రిటోరియాలోనే 22 ఏళ్ళు ఉంచారు. కేసు ఒకటే, శిక్ష ఒకటే, జైలు మాత్రం ఒంటి రంగును బట్టి. ద్వీపంలోనూ అదే లెక్క. ఆఫ్రికన్లకు నిక్కర్లు ఇచ్చారు, మేజోళ్ళు ఇవ్వలేదు, తిండిలో బ్రెడ్డు లేదు. ఆ ఏడుగురిలో అందరికన్నా చిన్నవాడు, 34 ఏళ్ళ అహ్మద్ కత్రాడా భారత సంతతివాడు. ఆయనకు ప్యాంటు, మేజోళ్ళు, బ్రెడ్డు. ఆ ఏడుగురిలోనే ఒకరైన, తండ్రి వయసున్న వాల్టర్ సిసులు చలిలో నిక్కరుతో నిలబడి ఉంటే తాను ప్యాంటు తొడుక్కోవడం కత్రాడాకు మనసొప్పలేదు. ఇవేవీ నాకొద్దన్నారు. పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. ఉన్నది వదులుకోవద్దు, అందరికీ ఇచ్చేదాకా పోరాడదాం అన్నారు. తిండిలో ఆ తేడా పోయేసరికి 1979 వచ్చింది. బ్రెడ్డు ముక్క కోసం పదిహేనేళ్ళు!

ఈ పదిహేనేళ్ళే పాఠం కావాలని మా మొదటి కోరిక. మండేలా పుట్టిన తేదీ, విడుదలైన తేదీ, నోబెల్ బహుమతి పిల్లలు ఎలాగూ బట్టీ పడతారు. మొదట్లో ఆరు నెలలకు ఒక్క ఉత్తరం, అదీ 500 మాటలకు మించకూడదని నియమం ఉండేదని వాళ్ళకు తెలియాలి. వచ్చిన ఉత్తరంలో అభ్యంతరమనుకున్న వరుసలను బ్లేడుతో కోసేసి ఇచ్చేవారని తెలియాలి. 1968లో తల్లి పోతే, 1969లో పెద్దకొడుకు రోడ్డు ప్రమాదంలో పోతే, మండేలాను చివరిచూపుకు పంపలేదు. సున్నపురాయి క్వారీలో ఎండ ఆ తెల్లటి రాతి మీద పడి కళ్ళు దెబ్బతింటుంటే, నల్ల కళ్ళద్దాలు అడిగి సాధించుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఆ క్వారీలోనే పనిముట్లు పక్కనపెట్టిన వేళల్లో చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకు నేర్పారు. నలభై ఏళ్ళ నా టీచరు ఉద్యోగంలో అంతకంటే గొప్ప బడి గురించి నేను వినలేదు.

రెండో కోరిక అనువాదాలు. కత్రాడా జ్ఞాపకాలు, పదేళ్ళు అక్కడ శిక్ష అనుభవించిన ఇంద్రేశ్ నాయుడు చెప్పిన జైలు కథ, అలాంటివి మరికొన్ని ఎంచి, పదో తరగతి పిల్లలు చదువుకోగల తెలుగులోకి తేవాలి. అనువదించేవారికి తగిన పారితోషికం ఇవ్వాలి. ఇది మనకు సంబంధం లేని దూరదేశపు కథ అనుకోవద్దని మనవి. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు మద్రాసు ఓడల్లో కూలికి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. డర్బన్‌కు చెందిన సన్నీ వెంకటరత్నం పేరు చూడండి, మన ఊళ్ళో పిలిచే పేరే. 1970లలో ఆయన అదే ద్వీపంలో ఖైదీ. షేక్స్పియర్ నాటకాల సంపుటి ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఇంటి నుంచి వచ్చిన దీపావళి కార్డుల మీది దేవుళ్ళ బొమ్మలను దాని అట్టకు అతికించి, ఇది నా మతగ్రంథమని కాపలావాళ్ళకు చెప్పి దక్కించుకున్నారు. ఆ పుస్తకం చేతులు మారింది. ముప్పై మందికి పైగా ఖైదీలు తమకు నచ్చిన చోట సంతకాలు చేశారు. 'జూలియస్ సీజర్' పుటలో మండేలా సంతకం పక్కన ఉన్న తేదీ 1977 డిసెంబరు 16.

పాఠాన్ని ఒక్క మండేలాతోనే ఆపవద్దు. జాతివివక్షపై పోరాడిన మరో నాయకుడు రాబర్ట్ సొబుక్వే మూడేళ్ళ శిక్ష 1963లో ముగిసింది. ఆయన్ను వదలకుండా ఉంచడానికి పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం చేసి, విచారణ లేకుండా ఇంకో ఆరేళ్ళు ఆ ద్వీపంలోనే విడిగా ఒక ఇంట్లో ఒంటరిగా ఉంచారు. తోటి ఖైదీలు ఆ దారిన పోతుంటే పలకరించే వీల్లేదు. ఆయన గుప్పెడు మట్టి తీసి వేళ్ళ సందుల్లోంచి నేలకు జారవిడిచేవారు. ఈ నేల మనదని చెప్పడం అది. ఆడవాళ్ళను ఆ ద్వీపంలో పెట్టలేదు కాబట్టి వాళ్ళ పేర్లు మరుగున పడిపోయాయి. అదే పోరాటంలో ఉన్న డొరొతీ న్యెంబే వేరే జైళ్ళలో 15 ఏళ్ళు గడిపారు. ఆమెకూ పాఠంలో చోటివ్వాలి.

చివరి కోరిక మాకు అన్నిటికన్నా ముఖ్యం. ఈ పుస్తకాలు అచ్చయ్యాక శాఖా గ్రంథాలయాలకు, సంక్షేమ హాస్టళ్ళకు పంపండి. అంతకన్నా ముందు జైళ్ళలోని గ్రంథాలయాలకు పంపండి. అక్కడ చేరిన ప్రతులు బీరువాలో తాళం వేసి ఉండకుండా, అడిగినవారి చేతికి ఇచ్చే ఏర్పాటు చేయించండి.

అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దడానికి మాలో నలుగురం సిద్ధంగా ఉన్నాం. మాకు డబ్బేమీ వద్దు.

ఇట్లు,
తమ విధేయులు,
శాఖా గ్రంథాలయ పాఠకులు, విశ్రాంత ఉపాధ్యాయులు