మౌనం మందు కాదు

జే కాట్జ్ రచించిన ‘ది సైలెంట్ వరల్డ్ ఆఫ్ డాక్టర్ అండ్ పేషెంట్’ 1984లో వెలువడింది. రచయిత మానసిక వైద్యుడు, యేల్ న్యాయ కళాశాలలో ఆచార్యుడు. చికిత్సను నిర్ణయించే వేళ వైద్యుడికీ రోగికీ మధ్య సంభాషణ అనేది చరిత్రలో దాదాపు లేదనీ, ఉన్నదల్లా మౌనమేననీ ఆయన వాదన. నలభయ్యేళ్లు దాటినా ఈ పుస్తకం పాతబడలేదు. అది పుస్తకానికి గౌరవమే గాని, మా వృత్తికి కాదు.

కాట్జ్ తీసుకున్న ముఖ్యమైన ఉదాహరణల్లో రొమ్ము క్యాన్సర్ ఒకటి. హాల్‌స్టెడ్ 1890లలో ప్రచారంలోకి తెచ్చిన శస్త్రచికిత్సలో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలనూ, చంకలోని గ్రంథులనూ తొలగించేవారు. 1970ల దాకా అమెరికాలో ఎందరో స్త్రీలు ముక్క పరీక్ష కోసమని మత్తులోకి వెళ్లి, మెలకువ వచ్చాక రొమ్ము లేదని తెలుసుకున్నారు. బెర్నార్డ్ ఫిషర్ బృందం 1976లో ప్రారంభించిన అధ్యయనపు 20 ఏళ్ల ఫలితాలు 2002లో వచ్చాయి. గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినవారూ, రొమ్మంతా తీయించుకున్నవారూ సమానంగానే బతికారు. అయితే రేడియేషన్ తీసుకున్నవారిలోనూ నూటికి 14 మందికి అదే రొమ్ములో గడ్డ తిరిగి వచ్చింది. ఆయుష్షు సమానమైనప్పుడు, రొమ్ము నిలుపుకోవడమా, మళ్లీ వస్తుందన్న భయాన్ని తగ్గించుకోవడమా అన్నది సర్జన్ ఒక్కడే తేల్చే ప్రశ్న ఎలా అవుతుంది? దానికి జవాబు ఏ స్కానులోనూ కనబడదు. ఆమెను అడగాలి.

“నిజం చెబితే రోగి కుంగిపోతాడు” అన్నది పాత అభ్యంతరం. 1961లో ప్రచురితమైన ఒక చికాగో సర్వేలో నూటికి 90 మంది వైద్యులు క్యాన్సర్ సంగతి రోగికి చెప్పకపోవడానికే మొగ్గు చూపారు. 1979లో మరోచోట అదే ప్రశ్నావళికి 97 శాతం చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్లలో రోగుల గుండెలు గట్టిపడలేదు. వైద్యుల అభిప్రాయం మారింది, అంతే.

రెండో అభ్యంతరం మన ఇళ్లలోనిది. “నాన్నగారికి చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు.” అమెరికాలోని తెలుగు కుటుంబాల నుంచి ఈ మాట నేను తరచూ వింటాను. కొడుకే దుబాసీ అవుతాడు. డాక్టరు చెప్పిన పది వాక్యాలు తెలుగులోకి వచ్చేసరికి “చిన్న గడ్డే, మందులతో పోతుంది” అని ఒక్క వాక్యంగా మిగులుతాయి. ఇందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ కీమో భరించవలసింది ఆ పెద్దాయనే. మిగిలిన నెలలు సొంత ఊళ్లో గడపాలని ఆయనకు ఉండవచ్చు; మనవరాలి పెళ్లి చూసేదాకా ఎంత కష్టమైనా పడాలనీ ఉండవచ్చు. జుట్టు రాలుతున్న మనిషికి సంగతి తెలియదనుకోవడం మన భ్రమ. ఆయనకు తెలుసు, చెప్పుకునేందుకే ఎవరూ లేరు.

ఇది పాశ్చాత్యుల పద్ధతి, మన సంస్కృతి వేరు అనేవారు 2008 నాటి భారత సుప్రీంకోర్టు తీర్పును చదవాలి. పరీక్ష కోసం మత్తిచ్చిన స్త్రీకి గర్భాశయం తొలగించడానికి ఆమె తల్లి ఇచ్చిన అంగీకారం చెల్లదని ఆ తీర్పు చెప్పింది. రోగి తానే “మా అబ్బాయితో మాట్లాడండి” అంటే అది వేరు. అది ఆయన నిర్ణయం. ముందు ఆయనను అడగాలి కదా!

ఇక నేటి వైద్యులు కొందరు మూడు మార్గాలు వల్లించి, “మీరే తేల్చుకోండి” అని కాగితం ముందుకు తోస్తారు. ఇది రోగిని భాగస్వామిని చేయడం కాదు, నడిరోడ్డున వదిలేయడం. కాట్జ్ సంతకం కోరలేదు, సంభాషణ కోరాడు. వైద్యుడు తనకు తెలిసినదీ తెలియనిదీ దాచకుండా చెప్పాలి. సలహా ఇవ్వాలి, కారణం చెప్పాలి, కాదనే అవకాశం మిగల్చాలి.

కోర్టు తీర్పుల చర్చ దీర్ఘంగా సాగే అధ్యాయాలు ఓపికను పరీక్షిస్తాయి. అయినా చదవండి. ముఖ్యంగా ముసలి తల్లిదండ్రులున్న వారు చదవండి. ఆ తర్వాత ఆస్పత్రి గదిలో వారి తరఫున జవాబిచ్చే ముందు, “నీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందమ్మా?” అని ఒక్కసారి అడగండి.