డెట్రాయిట్ నుండి హైదరాబాదు పదునైదు గంటలా?

సంపాదక మహాశయా,

గత ఆదివారపు సంచికలో విదేశయాత్రికుల నిమిత్తమై మీరు ప్రకటించిన పట్టికయందు డెట్రాయిట్ నుండి హైదరాబాదునకు దూరము సుమారు 13,100 కిలోమీటర్లనియు, ప్రయాణకాలము 15 గంటలనియు చూచి, ఊరకుండలేక ఈ లేఖ వ్రాయుచున్నాను. దూరమునుగూర్చి నాకు వివాదము లేదు. కాని ఆ గంటల లెక్క, దూరమును గంటకు 900 కిలోమీటర్ల వేగముతో భాగింపగా వచ్చిన లబ్ధమేగాని, ఏ ప్రయాణికుడును చేసిన ప్రయాణము కాదు. ఆ దూరమును కొలిచిన ఋజురేఖ గ్రీన్లాండును దాటి, రష్యా, మధ్య ఆసియా, పాకిస్తానుల మీదుగా పోవును. 2022 నుండి అమెరికా, ఐరోపా విమానములకు రష్యా గగనతలమే మూతపడియున్నది. షికాగో, హైదరాబాదుల నడుమ 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఆరంభించిన సూటి విమానము సైతము నిలువలేదు. డెట్రాయిట్ వారమగు మేము ఐరోపాకు ఎనిమిది గంటలు, అచటినుండి మఱి తొమ్మిది గంటలు ఎగిరి, నడుమ విమానము మాఱుటకై పడిగాపులు పడవలసినదే.

ఇట్టి అంకె చేయు అపకారమును నేను అనుభవించితిని. ఒక డిసెంబరు అర్ధరాత్రి మా నాయనగారు కోనసీమలో కాలముచేసిన వార్త అందినది. ఇట్టి పట్టికనే ఎచటనో చదివియుండిన మా బాబాయిగారు, "పదునైదు గంటలేగదా, పెద్దవాడు వచ్చును" అని బంధువులందఱకు చెప్పి, దహనమునకు మఱునాటి సాయంకాలము నిర్ణయించిరి. నేను మంచులో రోములస్‌నందలి డెట్రాయిట్ విమానాశ్రయము చేరుటకే ఆలస్యమైనది. ఱెక్కలపై పేరుకొనిన మంచును కరగించి విమానము కదలునప్పటికి మఱింత ఆలస్యము. ఐరోపాలో అందవలసిన విమానము అందక, మఱునాటి విమానమునకై బల్లమీద కూర్చుండి నేను ఏడ్చుచుండగా, నేను పెట్టవలసిన తలకొఱివి మా తమ్ముడు పెట్టెను. బాబాయిగారిని నేనెన్నడును తప్పుపట్టలేదు. అచ్చుపడిన అంకెకు పల్లెలలో ఎంతటి విలువయో మీకు తెలియనిది కాదు. ఆ విలువను ఎఱిగియు పరిశీలింపక అచ్చువేయుట అన్యాయము!

మఱియొక మాట. తెలుగువారందఱి ఇండ్లును శంషాబాదులోనే ఉన్నట్లు మీ పట్టిక అచటనే ముగిసినది. అచట దిగిన పిమ్మట కోనసీమకు మఱల ఒక రాత్రి ప్రయాణమున్నది; శ్రీకాకుళమువారి కష్టము ఇంకను అధికము. ఇవి ప్రయాణములో చేరవా? ప్రక్క గడిలో కాలభేదము ఏడాది పొడుగున తొమ్మిదిన్నర గంటలని వేసితిరి. నవంబరు మొదటి ఆదివారమున ఇచట గడియారములు వెనుకకు జరుపుదురు గనుక, మార్చి వఱకు అది పదిన్నర గంటలు.

కావున ఆ పట్టికను సవరించి, నడుమ దిగు ఊరిని, అచటి నిరీక్షణకాలమును, గడపనుండి గడపకు పట్టు మొత్తము గంటలను వచ్చు సంచికలోనే, అదే పుటలో, అంతే పెద్ద అక్షరములతో ప్రకటింపవలయునని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక చందాదారుడు,
ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్