సంపాదకుని మాట: మితభాషుల పరిచయాలు

ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. హోసూరు, కృష్ణగిరి వైపు మన పిల్లల్లో చాలామంది బతుకు ఇలాగే సాగుతుంది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ లాంటి కర్మాగారాలున్న ఊళ్లో పనికి కొదవ లేదు గానీ, నలుగురిలో నోరు విప్పడానికే జంకే మనిషి మూడో భాషలో తనను తాను పరిచయం చేసుకోవడం చిన్న విషయం కాదు. ఆ బరువు నాకు తెలుసు.

సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధన నాకు ధైర్యాన్నిచ్చింది. అందులో తెలిసినవాళ్ల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవారిలో ఎక్కువమందికి ఆ కబురు చెప్పింది ప్రాణస్నేహితులు కాదు, అప్పుడప్పుడు మాత్రమే కలిసేవాళ్లు. నిజమే కదా! మన దగ్గరివాళ్లకు తెలిసిన సంగతి మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు దూరపు మనిషి దగ్గరుంటుంది.

కాబట్టి సభల్లో వందమందిని ఆకట్టుకోనక్కర్లేదు. ఐటీఐలో పాఠం చెప్పిన మాస్టారికి, వేరే కంపెనీకి మారిన పాత సహోద్యోగికి ఆరునెలలకోసారి నాలుగు వాక్యాలు రాయండి. రాయడంలో మితభాషులకు మంచి నేర్పు ఉంటుంది. హోసూరు చంద్రచూడేశ్వరుడి గుడి తేరుకు బెంగళూరు నుంచి వచ్చే మీ ఊరివాళ్లలో ఒక్కరితో, ఒక్కరితోనే, తీరిగ్గా కూర్చుని వాళ్ల పని గురించి అడగండి. వినేవాళ్లను మనుషులు మరిచిపోరు.

షిఫ్టుల్లో పనిచేసే నలుగురు మితభాషులు ఈ సంచికలో తమ అనుభవాలు రాశారు. ముందు వాటిని చదవండి.