పురుగుమందు డబ్బా తిప్పి చూస్తాం, జుట్టు మందు సీసా ఎందుకు చూడం?

ఈసారి పంట సంగతి కాదు, నెత్తి సంగతి. నవ్వకండి.

మొన్న సీతమ్మధార రైతుబజారులో వంకాయలు అమ్ముకుని వస్తుంటే మా తమ్ముడి కొడుకు మందుల షాపు దగ్గర బండి ఆపమన్నాడు. సంబంధాలు చూస్తున్నాం, వాడికేమో నడినెత్తి పలచబడింది. ఫోన్లో చూసిన ఉల్లి నూనె ఒకటి, గుంటగలగరాకు నూనె ఒకటి కొన్నాడు. ఆ పూట వంకాయల డబ్బులో సగం అక్కడే అయిపోయింది. "ఏటిరా ఇది, గుంటగలగర మన వరి గట్టు మీద కలుపు కాదేటి!" అన్నాను. పీకి పారేసేదాన్ని సీసాలో పోస్తే కొనుక్కుంటున్నాం.

సీసా తిప్పి చూశాను. ఆకులు, పువ్వుల పేర్లు బోలెడు. ఏది ఎంత శాతమో లేదు. ఇమిడాక్లోప్రిడ్ కొంటే 17.8 శాతం ఉందా అని చూస్తాం. యూరియా బస్తా మీద 46 శాతం నత్రజని చూస్తాం. టెక్నికల్ పేరు లేని మందు కొట్టి మనలో ఎంతమంది మోసపోలేదు? ఆ తెలివి తల దగ్గరికొచ్చేసరికి ఏమవుతోంది?

షాపులో దొరికే పైపూత మందుల్లో గట్టి రుజువున్నది మినాక్సిడిల్. మొదట్లో అది బీపీ మాత్ర. మింగినవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు మొలవడంతో తలకి రాసే మందు చేశారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది, 1996 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. మగవాళ్లకి 5 శాతం మందు, పూటకి 1 మిల్లీలీటరు, రోజుకి రెండుసార్లు, పొడి తల మీద.

అలాగని ఇదేం మంత్రం కాదు. మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. కొందరికి పనిచేయదు. పనిచేసినా, ఆపేస్తే కొన్ని నెలల్లో వచ్చిందంతా పోతుంది. అంటే పెళ్లి దాకా పెట్టే ఖర్చు కాదిది, ఏళ్ల తరబడి ఖర్చు. నున్నగా అయిపోయిన చోట పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. గుండె జబ్బున్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు. ఇంట్లో పిల్లి ఉంటే సీసా జాగ్రత్త, దానికది విషం.

టైఫాయిడో డెంగీయో వచ్చిన రెండు మూడు నెలలకి రాలే జుట్టు చాలావరకు దానంతటదే వస్తుంది. ఆడపిల్లలకి రక్తం తక్కువైనా రాలుతుంది, ముందు రక్తపరీక్ష చేయించండి. పేనుకొరుకుడైతే కేజీహెచ్ చర్మ విభాగంలో చూపించుకోండి.

ఇంకో సంగతి. మన ఔషధ నిబంధనల షెడ్యూల్ జె జాబితాలో బట్టతల కూడా ఉంది. నయం చేస్తామని మందు మీద రాయకూడదు. రాశారంటే అక్కడే అనుమానించండి.

మావాడు ఆ నూనెలు వాపసు ఇవ్వబోతే షాపాయన తీసుకోలేదు. మీలో ఎవరైనా మినాక్సిడిల్ ఆరు నెలలు విడవకుండా వాడినవాళ్లుంటే, ఎన్నో నెలలో తేడా కనిపించిందో, ఖర్చెంతయిందో కింద రాయండి. వాడికి చూపిస్తాను.