తాతయ్యకీ ఓ టికెట్టు!

క్రిస్మస్ విందుకి చుట్టాలంతా వస్తారు. కేకు కోస్తారు, బిర్యానీ తింటారు. ఆ తర్వాత? పెద్దలు టీవీ ముందు, పిల్లలు ఫోన్లలో... ఎవరి లోకం వారిది. ఈసారి అందర్నీ ఆటలోకి లాగండి.

మ్యూజికల్ చైర్స్‌తో ఓ చిక్కుంది. మొదటి రౌండ్లోనే ఔటైన బుడతడు మూలన చేరి మూతి ముడుస్తాడు. అందుకే ఆడేవాళ్లని కాకుండా కుర్చీలనే తీసేస్తూ పోండి. పాట ఆగగానే ఉన్నవాటిలోనే అంతా సర్దుకోవాలి. ఆఖరికి ఒక్క కుర్చీమీద ఎనిమిదిమంది! (ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు.)

మరి మోకాళ్ల నొప్పుల నానమ్మ, తాతయ్యల మాటేంటి? వారికి తంబోలాను మించింది లేదు. టికెట్టులో 27 గడులు, వాటిలో 15 అంకెలు. 1 నుంచి 90 దాకా ఒక్కో నంబరూ తీసి పిలుస్తుంటే కూర్చున్నచోటే కొట్టేసుకోవచ్చు. చూపు ఆనకపోతే పక్కన మనవడుంటాడు. డబ్బులు పెట్టి ఆడొద్దు. 'జల్దీ ఫైవ్'కి చాక్లెట్లు, 'ఫుల్‌హౌస్'కి ఓ డబ్బా గులాబీ పువ్వులు చాలు.

'క్రిస్మస్ ఫ్రెండ్' ఆడాలంటే మాత్రం డిసెంబరు మొదట్లోనే చీటీలు తీయాలి. ఎవరి పేరొస్తే వారికి గుట్టుగా బహుమతి కొనాలి. తన పేరు తనకే వస్తే మళ్లీ తీయాల్సిందే. ఖర్చు వంద రూపాయలు దాటకూడదని ముందే చెప్పండి. లేదంటే ఒకరికి వాచీ, ఇంకొకరికి సబ్బుపెట్టె వచ్చి పండగపూట మొహాలు మాడతాయి. పక్కింటివాళ్లనీ విందుకి పిలుస్తున్నారా? అయితే వాళ్ల పేర్లూ చీటీల్లో రాయడం మరవకండి.